పేరు నీటిని ఆపదు

"కంప్యూటరును నీళ్ళతో చల్లబరిచే సరంజామా కొనాలనుకుంటున్నాను, ఏ కంపెనీ నమ్మదగినది?" అని ఎవరైనా అడిగితే చాలా ఏళ్ళపాటు నా దగ్గర ఒక్క మాటలో జవాబు సిద్ధంగా ఉండేది. ఒక పేరు చెప్పేవాణ్ణి. అడిగినవారికి పని తేలికయ్యేది, నాకు పెద్దరికం దక్కేది. ఆ జవాబును బహిరంగంగా వెనక్కి తీసుకోవడానికే ఈ టపా. అటువంటి జవాబులు ఇప్పటికీ ధారాళంగా ఇస్తున్న మిత్రులతో ఒక తగవు వేసుకోవడానికి కూడాను. వారిలో కొందరు నాకన్న చాలా తెలిసినవారు. కనుకనే ఈ తగవు వారితో.

ముందుగా నా నేరం చెప్పుకుంటాను.

మా మేనల్లుడు గుంటూరులో పెళ్ళి వీడియోల మిక్సింగ్ చేస్తాడు. మూడేళ్ళ క్రితం అప్పు చేసి ఒక పెద్ద కంప్యూటరు కూర్పించుకుంటూ నాకు ఫోను చేశాడు. "మావయ్యా, ప్రాసెసరుకు వాటర్ కూలింగ్ పెట్టించుకోమంటున్నారు. ఏది తీసుకోను?" అన్నాడు. నేను అప్పుడు భోజనం చేస్తున్నాను. వాడి పని ఎటువంటిది, ఏ గదిలో పెడతాడు, ఎన్నాళ్ళు వాడతాడు, ఒక్కటీ అడగలేదు. ఒక పేరు చెప్పి, "కళ్ళు మూసుకుని తీసుకోరా" అన్నాను. వాడు నా మాట అక్షరాలా పాటించాడు.

మొన్న వైశాఖంలో, ముహూర్తాలు ముమ్మరంగా ఉన్న రోజుల్లో, నాలుగు పెళ్ళిళ్ళ వీడియోలు చేతిలో ఉండగా ఒక రాత్రి ఆ కంప్యూటరు ఆరిపోయి మళ్ళీ వెలగలేదు. విప్పి చూస్తే గొట్టం అతుకు దగ్గర పచ్చని చిలుము, దాని కింద గ్రాఫిక్స్ కార్డు మీద ఎండిపోయిన చారలు. కార్డు పోయింది. మదర్‌బోర్డు పోయింది. వీడియోలున్న డిస్కు దక్కడం వాడి అదృష్టం. మూడు వారాలకు కంపెనీ తరఫు పంపిణీదారు కొత్త కూలరు పంపాడు. దాని వల్ల పాడైన తక్కిన వస్తువుల మాట అడిగితే, మా బాధ్యత కూలరుతో సరి అన్నాడు. వాడు స్నేహితుడి దుకాణంలో రాత్రిళ్ళు కూర్చుని ఆ నాలుగు వీడియోలూ పూర్తిచేశాడు. నన్ను మాత్రం ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది.

ఆ కంపెనీ పేరు ఇక్కడ రాయను. భయపడి కాదు. "ఆ పేరు కొనకు" అనడం, "ఆ పేరు కొనుక్కో" అనడానికి అద్దంలో ప్రతిబింబం మాత్రమే. జబ్బు రెండింటిలోనూ ఒకటే. పేరు చెప్పడమే సలహా అనుకునే ఆ జబ్బు మీదే నా తగవు.

* * *

ఈ యంత్రాంగంతో పరిచయం లేని సాహితీ మిత్రుల కోసం రెండు మాటలు. ప్రాసెసరు మీద ఒక రాగి పలక కూర్చుంటుంది. దాని కడుపులో వెంట్రుకల మందాన సన్నని చాళ్ళుంటాయి. పంపు తోసిన నీరు ఆ చాళ్ళ గుండా పారి, వేడిని మోసుకుని గొట్టం వెంట రేడియేటరులోకి పోయి, అక్కడ ఫ్యాను గాలికి దానిని వదిలిపెట్టి తిరిగి వస్తుంది. మోటారు కారులో జరిగేదీ ఇదే. ఇందులో రెండు జాతులున్నాయి. ఒకటి కార్ఖానాలోనే ద్రవం నింపి, మూసి అమ్మేది. రెండవది పంపు, పలక, రేడియేటరు, తొట్టి, గొట్టాలు విడివిడిగా కొని మనమే కూర్చుకునేది. మావాడు కొన్నది మొదటి జాతి.

ఇప్పుడు అసలు ప్రశ్న. పెట్టె మీద ఉన్న పేరు ఎవరిది? లోపలి పని ఎవరిది?

డెన్మార్కులో అసెటెక్ అనే సంస్థ ఉంది. 2000లో పుట్టింది. సామాన్య వినియోగదారులలో ఆ పేరు విన్నవారు తక్కువ. కాని 2009లో కోర్సెయిర్ వారు హెచ్50 అనే మూతవేసిన కూలరును విపణిలోకి తెచ్చినప్పుడు లోపలి పంపూ పలకా అసెటెక్‌వే. ఎన్‌జడ్‌ఎక్స్‌టీ వారి క్రాకెన్ కూలర్లలో ఏళ్ళ తరబడి ఉన్నవీ అసెటెక్‌వే. ఆ రెండు పేర్లలో ఏది గొప్పదని ఆ రోజుల్లో మనవాళ్ళు రాత్రి తెల్లవార్లూ వాదించుకున్నారు. ఒకే వంటశాలలో వండిన పులిహోరను రెండు విస్తళ్ళలో పెట్టుకుని, ఏ విస్తరి రుచి గొప్పదని వాదించుకోవడం ఇది. తమాషా ఏమిటంటే దీనికి తలకిందులైన సంగతీ నిజం. అదే కోర్సెయిర్ పేరుతో కొన్ని కూలర్లను కెనడాలోని కూల్ఐటీ అనే మరొక సంస్థ చేసి ఇచ్చింది. అంటే రెండు పేర్ల వెనుక ఒక తయారీదారు, ఒక పేరు వెనుక ఇద్దరు తయారీదారులు. "ఆ పేరు నమ్మదగినది" అన్న వాక్యానికి ఇక అర్థమేమిటి?

పంపును పలక నెత్తిన పెట్టే ఏర్పాటు మీద అసెటెక్‌కు పేటెంట్లు దక్కాయి. వాటిని ఉల్లంఘించారని కూలర్ మాస్టర్ పక్షం మీద దావా వేస్తే, 2014 డిసెంబరులో కాలిఫోర్నియాలో జ్యూరీ అసెటెక్ పక్షాన తీర్పు చెప్పింది. ఆ పేటెంట్ల తాకిడి తప్పించుకోవడానికి కొందరు తయారీదారులు పంపును రేడియేటరులోకీ, మరికొందరు గొట్టం మధ్యకీ జరిపారు. మీరు కొనే వస్తువులో పంపు ఎక్కడ ఉండాలో నిర్ణయించినవారిలో ఇంజనీర్లతో పాటు న్యాయవాదులూ ఉన్నారన్న మాట. పెట్టె మీద మెరిసే అక్షరాలు ఈ కథ ఏదీ చెప్పవు.

"పేరున్నవాడు పేరు పోగొట్టుకోడండీ" అంటారు కొందరు. ఆపిల్ కన్న పేరున్న కంపెనీని చూపించండి. 2004 జూన్‌లో ఆపిల్ వారు 2.5 గిగాహెర్ట్జ్ పవర్ మాక్ జీ5ను ప్రకటించారు. రెండు ప్రాసెసర్ల వేడిని తట్టుకోవడానికి అందులో ద్రవ శీతలీకరణ పెట్టారు. ఆ సరంజామాను చేసి ఇచ్చినది డెల్ఫై. జనరల్ మోటార్స్ నుంచి 1999లో విడివడిన ఆ సంస్థకు కార్ల రేడియేటర్ల విద్య కొట్టిన పిండి. రెండు పేర్లూ పెద్దవే. అయినా కొన్నేళ్ళకు ఆ యంత్రాలు కారడం మొదలయింది. లోపలి ద్రవం కిందికి దిగి, పవర్ సప్లై దాకా తినేసిన యంత్రాలను ఎందరో యజమానులు చూశారు. ఈలోగా 2005 అక్టోబరులో డెల్ఫై దివాలా రక్షణ కోరుతూ కోర్టుకెక్కింది. పేరు పెద్దదయినంత మాత్రాన రబ్బరు ఎండకుండా ఉండదు. నీటికి అక్షరాలు చదవడం రాదు.

* * *

రెండవ సంగతి లోహం.

మా అమ్మమ్మ ఇత్తడి గిన్నె కొనేటప్పుడు ఏ ఊరి గిన్నె అని అడిగేది నిజమే. కాని చారు కాచే ముందు ఆమె చూసేది ఊరి పేరు కాదు, గిన్నె లోపల కళాయి ఉందా పోయిందా అని. కళాయి పోయిన ఇత్తడిలో చింతపండు చారు పెడితే చిలుమెక్కుతుందని ఆమెకు ఏ రసాయన శాస్త్రవేత్తా చెప్పలేదు. పేరు పక్కన పెట్టి, ద్రవమూ లోహమూ కలిసే చోట ఏం జరుగుతుందో చూడడం ఆమెకు వంటింట్లో అబ్బిన వివేకం. ఇంత చదివిన మనం ఆ వివేకాన్ని దుకాణం గడప బయట వదిలి లోపలికి పోతున్నాము.

రాగి, అల్యూమినియం ఒకే నీటిలో కలిసి ఉంటే అది బ్యాటరీ. పాఠ్యపుస్తకపు పట్టికలో రాగి ప్రమాణ విద్యుత్ పీడనం +0.34 వోల్టులు, అల్యూమినియంది −1.66. ఈ రెండింటి మధ్య దూరం ఎంత ఎక్కువైతే అల్యూమినియం కరిగిపోవాలనే తొందర అంత ఎక్కువ. మూతవేసి అమ్మే కూలర్లలో అత్యధిక భాగం ఈ జంటతోనే తయారవుతాయి. పలక రాగిది, రేడియేటరు అల్యూమినియంది. రాగి రేడియేటరు కన్న అది చవక, తేలిక. ఆ రెండింటి మధ్యా శాంతి కాపాడేది లోపలి ద్రవంలో కలిపిన తుప్పు నిరోధక రసాయనాలు. ఆ ద్రవం నాణ్యమైనదీ, అతుకులు గట్టివీ అయితే ఐదారేళ్ళు ఏ బాధా ఉండదు. కాని రబ్బరు గొట్టం గోడ గుండా నీరు కంటికి కనిపించకుండా, నెలకు కొంత చొప్పున ఆవిరై పోతూనే ఉంటుంది. మూత తీయడానికి వీలులేని పెట్టెలో నిరోధకం ఎంత మిగిలిందో, నీరు ఎంత తగ్గిందో చూసే దారి మనకు ఉండదు. పెట్టె మీద మాత్రం "నిర్వహణ అవసరం లేదు" అని రాసి ఉంటుంది. నిర్వహించడానికి వీలు లేదు అని చదువుకోవలసిన వాక్యం అది.

విడిభాగాలతో కూర్చుకునేవారు సాధారణంగా రాగి, ఇత్తడి, నికెల్ పూత వేసిన రాగి వాడతారు. ఇవి ఒక కుటుంబం, సర్దుకుపోతాయి. అక్కడైనా పేరును నమ్ముకుంటే గొయ్యి ఉంది. స్లొవేనియాకు చెందిన ఈకే సంస్థ రాగి పలకలకు పేరు పొందినది. అదే సంస్థ 2017లో చవక ధరకు ఫ్లూయిడ్ గేమింగ్ అనే అల్యూమినియం శ్రేణిని తెచ్చింది. దీనిని రాగి భాగాలతో కలపవద్దని వారే స్పష్టంగా హెచ్చరించారు కనుక వారిది తప్పు కాదు. కాని "ఈకే అయితే చాలు" అన్న సలహా మాత్రమే విని, ఒక శ్రేణి రేడియేటరునూ మరొక శ్రేణి పలకనూ కొన్నవాడి గతి ఏమిటి? అతని చేతిలో రెండూ ఒకే పేరున్న భాగాలు. గొట్టంలో మాత్రం అది తుప్పు కార్ఖానా.

"మా ద్రవం విద్యుత్తును ప్రసరింపజేయదు, కారినా భయం లేదు" అనే ప్రకటన కూడా ఈ సందర్భంలోనే తేల్చాలి. సీసాలో ఉన్నంతసేపు అది నిజమే. లోహాల మీదుగా కొన్ని నెలలు తిరిగిన తరువాత అందులో అయానులు చేరతాయి. కారి బోర్డు మీద పడితే అక్కడి దుమ్ములోని లవణాలను కరిగించుకుంటుంది. సీసాలోని నిజం బోర్డు మీదికి వచ్చేసరికి అబద్ధమవుతుంది.

* * *

మూడవ సంగతి కాలం. పేరు స్థిరంగా ఉంటుంది, సంస్థ ఉండదు.

ఇందాక చెప్పిన ఈకేనే చూడండి. చాలా ఏళ్ళు ఈ రంగంలో మొదట వినిపించిన పేరు అదే. ఆ సంస్థలో ఉద్యోగులకూ, సరఫరాదారులకూ చెల్లింపులు నిలిచిపోయాయన్న సంగతిని 2024లో గేమర్స్ నెక్సస్ అనే అమెరికా పరీక్షక బృందం వెలుగులోకి తెచ్చింది. బాకీలున్నాయని సంస్థా ఒప్పుకుంది. అంతకు ముందు సంవత్సరం ఆ పేరును నమ్మకంగా సిఫారసు చేసినవాడు అబద్ధమాడలేదు. కాని ఐదేళ్ళ వారంటీ అంటే ఐదేళ్ళ తరువాత కూడా బతికి ఉండే సంస్థ ఇవ్వవలసిన మాట. ఆ లెక్క ఎవరైనా వేశారా?

దీనికి ఎదురు ఉదాహరణ కూడా చెప్పకపోతే అన్యాయం. ఆర్కిటిక్ వారి లిక్విడ్ ఫ్రీజర్ 2 కూలర్లు కొన్నింటిలో రబ్బరు సీలు తయారీ లోపం బయటపడింది. రబ్బరును గట్టిపరిచే ప్రక్రియ సరిగా జరగక, మిగిలిన గంధకం రాగితో కలిసి చర్య జరుపుతోందనీ, దాని వల్ల కారే ప్రమాదముందనీ 2022లో ఆ కంపెనీయే ప్రకటించింది. కారణం దాచలేదు. మరమ్మతు సరంజామా ఉచితంగా ఇచ్చింది. వారంటీని ఆరేళ్ళకు పెంచింది. నన్నడిగితే, ఏ లోపమూ లేదని చాటుకునే పది పేర్ల కన్న ఈ ఒక్క ప్రకటన విలువైనది. నమ్మకం అంటే ఎన్నడూ తప్పు జరగకపోవడం కాదు. తప్పు జరిగిన నాడు ఎవరు ఏం చేశారన్నదే. ఆ చరిత్రను వెదికి చెప్పండి, అది సలహా. పేరు మాత్రమే చెబితే అది సలహా కాదు, వంతపాట.

* * *

నాకు ఎదురయ్యే వాదనలు తెలుసు.

"లక్షమంది కొన్నారు, లక్షమంది మెచ్చుకున్నారు, ఆ మాటకు విలువ లేదా?" ఉంది. కాని ఆ మెప్పులు ఎప్పుడు రాసినవో చూడండి. కొన్న వారానికో, నెలకో. పరీక్షలు చేసేవారు కూడా వస్తువును కొద్ది రోజులు నడిపి, డిగ్రీల పట్టిక వేసి ముగిస్తారు. వారి పని అది, తప్పు పట్టను. అయితే ఆ పట్టిక కొత్త వస్తువు ఎంత చల్లబరుస్తుందో చెబుతుంది గాని నాలుగవ ఏట కారుతుందో లేదో చెప్పదు. మనం అడిగిన ప్రశ్న నమ్మకం గురించి. మనకు దొరికిన జవాబు చల్లదనం గురించి. రెండింటినీ ముడిపెట్టినది మన అజాగ్రత్త.

పైగా ఆ పరీక్షలు 20, 25 డిగ్రీల గదిలో జరుగుతాయి. రేడియేటరు ఎంత గొప్పదైనా నీటిని గది గాలి కన్న చల్లబరచలేదు. గుంటూరులో మే నెల మధ్యాహ్నం, ఏసీ లేని గదిలో గాలే 38, 40 డిగ్రీలుంటే, బరువైన పని పడినప్పుడు నీరు 50 దాటడంలో వింత లేదు. చాలా పంపులకు తయారీదారులు పెట్టే పరిమితి 60 డిగ్రీలు. పీఈటీజీ గాజుపోలిక గొట్టాలు ఆ వేడికి మెత్తబడతాయని వాటిని అమ్మేవారే హెచ్చరిస్తారు. చలిదేశపు వాడి నమ్మకాన్ని మన వేసవికి అరువు తెచ్చుకోకూడదు.

"అయితే పేరులేని చవక సరుకు కొనమంటావా?" ఇది రెండవ వాదన. అనను. పేరు లేకపోవడం కూడా ఒక గుణం కాదు. కాని ఈ రంగంలో అన్నిటికన్న నమ్మకస్థుడనిపించుకున్న పంపు సంగతి వినండి. దాని పేరు డీ5. ఇళ్ళలో వేడినీటిని తిప్పే చిన్న పంపులు చేసిన లాయింగ్ అనే సంస్థ సృష్టి అది. దాని లోపల తిరిగే భాగం ఒక చిన్న పింగాణీ గుండు మీద ఆని తిరుగుతుంది. ఇరుసు లేదు, ఇరుసు చుట్టూ కారే సీలూ లేదు. లాయింగ్ వ్యాపారం 2009లో ఐటీటీ చేతికీ, 2011లో దాని నుంచి విడివడిన జైలెమ్ చేతికీ వెళ్ళింది. పంపు మాత్రం అదే. దానినే స్విఫ్ట్‌టెక్, ఈకే, ఆల్ఫాకూల్, ఆక్వా కంప్యూటర్ వంటివారు తమ తమ పేర్లతో అమ్మారు. పైపేరు మారినా, యజమాని మారినా నిలిచినది నిర్మాణం. నమ్మదగినది అదే.

ఆ పంపులను పోల్చేటప్పుడు కూడా మనవాళ్ళు గంటకు ఎన్ని లీటర్లని పందెం వేస్తారు. చిన్న లెక్క చేయండి. 300 వాట్ల వేడి, గంటకు 200 లీటర్ల ప్రవాహం అనుకుంటే, నీరు ఒక చుట్టు తిరిగి వచ్చేసరికి వేడెక్కేది దాదాపు 1.3 డిగ్రీలు మాత్రమే. ప్రవాహాన్ని రెట్టింపు చేస్తే ఆ తేడాలో మిగిలేది అర డిగ్రీ పైచిలుకు. కాబట్టి పంపు ఎంత ఉరకలు వేస్తుందో అనవసరం. ఆగకుండా తిరుగుతుందా, కారకుండా ఉంటుందా అన్నదే అవసరం.

మూడవ వాదన దేశం పేరుతో వస్తుంది. జర్మనీ సరుకైతే మంచిది, చైనా సరుకైతే కాదు అని. ఇది కంపెనీ పేరుకు పెద్దన్న. మంచి రేడియేటర్లకు పేరుపడిన హార్డ్‌వేర్ ల్యాబ్స్ ఏ దేశానిదో అడిగితే జర్మనీ అని చెప్పేవారిని చూశాను. అది ఫిలిప్పీన్స్ సంస్థ. గొట్టాలను బిగించే ఇత్తడి మరలకు జీ పావు అంగుళం అనే కొలత అందరిదీ. బయటి వ్యాసం సుమారు 13.16 మిల్లీమీటర్లు. జర్మనీ మర చైనా పలకలో ఎక్కుతుంది, తైవాన్ మర స్లొవేనియా రేడియేటరులో ఎక్కుతుంది. లోపల కారకుండా ఆపేది కొద్ది రూపాయల రబ్బరు వలయం. అది చిట్లితే మార్చుకోవచ్చు. అందరికీ ఒకటే అయిన కొలతను నమ్మండి. ఎవడో ఒకడు మూతబడితే మరొకడి దగ్గర భాగం దొరుకుతుంది.

2000 ప్రాంతాలలో ఈ పని మొదలుపెట్టిన అభిరుచిపరులకు ఎంచుకోవడానికి పెద్దగా పేర్లే లేవు. పాత కార్ల హీటరు రేడియేటర్లు, చేపల తొట్టెలకు వాడే ఐహైమ్ పంపులు తెచ్చి బిగించుకున్నారు. పేరు లేదు కనుక వారు లోహం అడిగారు, వాట్లు లెక్కవేశారు, రాత్రంతా కింద కాగితం పరిచి చుక్క పడుతుందా అని కాపలా కాశారు. మనకు పేర్లు వచ్చాయి, ప్రశ్నలు పోయాయి.

* * *

ఇకమీదట నన్నెవరైనా అడిగితే నేను తిరిగి అడిగేవి ఇవి.

నీరు తగిలే ప్రతి భాగమూ ఏ లోహం? చెప్పని కంపెనీకి దాచవలసినది ఏదో ఉంది. పంపు ఎవరు చేసినది, అది పోతే విడిగా దొరుకుతుందా? ద్రవం తగ్గితే నింపుకోవడానికి మూత ఉందా? ఆల్ఫాకూల్ వారు 2016లో తెచ్చిన ఐస్‌బేర్ వంటివి మూతవేసిన జాతివే అయినా విప్పి నింపుకునేందుకు వీలుగా చేశారు. కనుక వీలు కాదనేది సాకు మాత్రమే. గొట్టం ఏ పదార్థం? మెత్తని పీవీసీ గొట్టాలలో కలిపిన నూనెల వంటి పదార్థాలు కాలక్రమేణా ద్రవంలోకి దిగి పలక చాళ్ళలో పేరుకుంటాయి. ఈపీడీఎమ్ రబ్బరు అందంగా ఉండదు గాని ఆ బెడద లేదు. చివరిది, అన్నిటికన్న ముఖ్యమైనది: కారితే పాడయ్యే తక్కిన వస్తువులకు ఎవరు జవాబుదారీ? ఆ మాట మన దేశంలో అమ్మే పంపిణీదారు కాగితం మీద ఉందా, విదేశపు వెబ్‌సైటులో మాత్రమే ఉందా? మావాడి విషయంలో నేను అడగవలసి ఉండి అడగనిది ఇదే.

కూర్చుకునేవారైతే మదర్‌బోర్డుకు కరెంటు ఇవ్వకుండా పంపును మాత్రమే ఒక రోజంతా నడిపి, అతుకుల కింద కాగితం పెట్టి చూడండి. బోరు నీరు పోయకండి. గీజరు కడ్డీ మీద పేరుకునే తెల్లని పొరే ఆ సన్నని చాళ్ళలోనూ పేరుకుంటుంది. ఈ పనులలో ఏ ఒక్కటీ ఏ పేరూ మనకు బదులు చేసిపెట్టదు.

ఇంతకూ అన్నిటికన్న ముందు అడగవలసిన ప్రశ్న మరొకటి ఉంది. అసలు నీరు అవసరమా? 2022లో వచ్చిన ఇంటెల్ కోర్ ఐ9-13900కే వంటి ప్రాసెసరు 253 వాట్ల దాకా లాగుతుంది. అటువంటి వాటితో గంటల తరబడి పని చేసేవారికి నీరు అక్కరకు వస్తుంది. మావాడి ప్రాసెసరు అందులో సగం కూడా లాగేది కాదు. నాక్టువా వారు 2014లో తెచ్చిన ఎన్‌హెచ్-డీ15 వంటి గాలి కూలరు దానికి ధారాళంగా సరిపోయేది. అందులోనూ రాగి గొట్టాల లోపల కాస్త ద్రవం ఉంటుంది సుమా! కాని అక్కడ పంపు లేదు, రబ్బరు లేదు, మర లేదు. శాశ్వతంగా మూసిన రాగి లోపల ఆవిరయ్యి, మళ్ళీ నీరయ్యి, తనంత తానే తిరుగుతుంది. చెడితే చెడేది పైనున్న ఫ్యాను. దానిని ఏ కంపెనీదైనా తెచ్చి తగిలించుకోవచ్చు. ప్రాణం పోసేవాడి కన్న ప్రాణం తీయలేనివాణ్ణి నమ్మడం ఒక్కోసారి తెలివైన పని. ఇది చెప్పడానికి నాకు నాలుగు నిమిషాలు పట్టేది. ఒక పేరు చెప్పడానికి ఒక్క క్షణం పట్టింది. ఆ నాలుగు నిమిషాలు మిగుల్చుకున్నందుకు మావాడు ఒక ముహూర్తాల కాలం చెల్లించాడు.

మిత్రులారా, మనలో చాలామందిని ఇంట్లోనూ బంధువర్గంలోనూ "కంప్యూటరు తెలిసినవాడు" అంటారు. ఆ పేరు కూడా ఒక బ్రాండే. దానిని నమ్మి, లోపల ఏ లోహముందో చూడకుండా మన మాట కొనుక్కుపోతారు. కాబట్టి ఈసారి ఎవరైనా ఏది తీసుకోనని అడిగితే, పేరుతో పాటు కారణం చెప్పండి. కారణం తెలియకపోతే తెలియదని చెప్పండి. అది పరువు తక్కువ కాదు.

మావాడు మళ్ళీ కంప్యూటరు కూర్పించుకున్నాడు. గాలి కూలరే పెట్టించాడు. అయిపోయాక ఫోను చేసి, ఏది కొన్నాడో, ఎందుకు కొన్నాడో పావుగంట సేపు వివరించాడు. ఈసారి నన్ను సలహా అడగలేదు. అడగనందుకు చిన్నబుచ్చుకోలేదు. వాడు చెప్పినది చివరిదాకా విన్నాను.